బంద్ రోజు షట్టర్ లోపల

మా నాయిన ఫోటోలు ఇంట్లో రెండే ఉన్నాయి. రెండూ ఎల్బీ నగర్‌లో దిగినవే, రెండింటిలోనూ ఆయన మెడలో దండ ఉంది.

మొదటిది ఆయుధపూజ నాటిది. సీసా మూతలు తయారుచేసే చిన్న కార్ఖానా మాది. మాది అంటే మేం పనిచేసేది, సొంతం అనుకునేరు! మిషన్లకు వేయగా మిగిలిన దండను ఓనరు సారు మా నాయిన మెడలో వేశాడు. నాయిన అక్కడ సూపర్‌వైజర్. ముందు వరసలో కూర్చున్న ఆరుగురు ఆడవాళ్ళలో చివర పళ్ళికిలిస్తున్నది నేను. నల్లగొండ దగ్గరి ఊరి నుంచి వచ్చి అప్పటికి ఏడాది.

రెండోది తెలంగాణ ఉద్యమం నాటిది. దీక్షా శిబిరం టెంటు కింద నాయిన కూర్చుని ఉన్నాడు. చౌరస్తా స్టూడియో ఆయన తీశాడు. ఆ సమయంలో నేను రోడ్డుకు ఇవతలే, తాళం వేసిన షట్టర్ లోపల ఉన్నాను.

సారుది గుంటూరు వైపు. బంద్ అంటే ఆయనకు భయం, ఆర్డర్ పోతుందంటే ఇంకా భయం.

"బయట తాళం వేసెయ్యవయ్యా. లోపల ప్యాకింగ్ చేసుకుంటారు. ఎవరికి తెలుస్తుంది?" అనేవాడు నాయినతో.

నాయిన మా ఆరుగురినీ లోపల పెట్టి తాళం వేసి, నేరుగా వెళ్ళి టెంటులో కూర్చునేవాడు. జై తెలంగాణ అని అందరికంటే గట్టిగా అరిచేది ఆయనే. లోపల మేమూ గొంతు తగ్గించి జై అనేవాళ్ళం. నవ్వొచ్చేది కూడా. మరుగుదొడ్డి బయట ఉండేది కాబట్టి పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగేవాళ్ళం కాదు.

ఆ రోజు కరెంటు పోయింది. రేకుల షెడ్డు, కిటికీ లేదు. మాలో పెద్దావిడకు షుగర్. మధ్యాహ్నానికి ఒళ్ళంతా చెమటలు పట్టి అట్టపెట్టెల మీద ఒరిగిపోయింది. పిలిస్తే పలకలేదు. షట్టర్‌ను చేతులు వాచేలా బాదాం. నాయినకు ఫోన్ చేశాను. రింగవుతోంది, ఎత్తడు. మళ్ళీ చేశాను. బయట డప్పులు. ఆమె చచ్చిపోతుందేమోనని ఏడుపొచ్చింది. ఒకామె టిఫిన్‌లోని బెల్లం ఆవిడ నాలుకకు రాస్తూ కూర్చుంది. చాలాసేపటికి కళ్ళు తెరిచింది. షట్టర్ మాత్రం సాయంత్రం టెంటు ఖాళీ అయ్యాకే లేచింది.

"డప్పుల సప్పుడుల ఇనవడలే బిడ్డా," అన్నాడు నాయిన. నమ్మాను.

వారం తర్వాత స్టూడియో ఆయన ఆ రోజు తీసిన ఫోటో నా చేతికిచ్చాడు. అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. నాయిన చేతిలో ఫోన్ వెలుగుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోటో తెచ్చి నాయిన ముందు పడేశాను.

"నా ఫోన్ చూసినవా లేదా నాయినా?"



"చూసిన. గంతమంది ముందల షట్టర్ ఎట్ల తెరుస్త? లోపల పని నడిపిస్తున్నడని తెలిస్తే మల్ల నన్ను ఆడ కూసోనిస్తరా?"

"ఆమె పానం పోతే?"

నాయిన ఫోటోను బోర్లా తిప్పి పెట్టాడు.

ఇంకో బంద్ వచ్చింది. పెద్దావిడ పని మానేసింది, మేం ఐదుగురం వెళ్ళాం. వెళ్ళనంటే నాయిన కొలువు పోతుంది, నోరు విప్పితే పరువు పోతుంది. షట్టర్ దించబోతూ ఆయన నా మొహం చూడలేదు.

"ఈసారి ఫోన్ ఎత్తుత బిడ్డా," అన్నాడు.

నా ఫోన్ ఆయన చేతిలోనే పెట్టి లోపలికి వెళ్ళాను.