సముద్రానికి ఇవ్వని రూపాయి

మా ఇంట్లో పిల్లలకు మాటలు రాకముందే వచ్చే విద్య ఒకటుంది. బండి నది మీదికి రాగానే కిటికీ దగ్గర నిలబడి నీళ్ళలోకి రూపాయి బిళ్ళ విసరడం. నేర్పేది మా అత్త, పిల్లల నాన్నమ్మ. ఆమె ఉండేది ఆళ్ళగడ్డలో, మేముండేది నంద్యాలలో. మా దగ్గరికి వచ్చినప్పుడు ఎక్కడికి బయల్దేరినా సరే, కుందూ వంతెన కనిపించగానే కొంగుముడి విప్పుతుంది. మావాడు ఏడాది నిండకముందే ఈ పనిలో చేరాడు. వాణ్ని ఒళ్ళో నిలబెట్టి, రెండు చేతులతో నడుం గట్టిగా పట్టుకుని, "వెయ్ నాయనా, గంగమ్మకు వెయ్" అనేది. వాడు వేసేవాడు. సగం బిళ్ళలు వంతెన మీదే పడేవి. అయినా ఇద్దరూ భక్తిగా దండం పెట్టేవారు.

నేను బడిలో సైన్సు చెబుతాను. నదికి రూపాయితో ఏం పని అని పెళ్ళైన కొత్తలో ఒకసారి అడిగాను. "ఆమె మనల్ని దాటనిస్తాంది. ఊరికే దాటితే ఎట్లమ్మీ?" అంది. ఆ తర్వాత అడగలేదు. అడిగితే నా చదువు మీదికి వస్తుందని తెలుసు.

మా ఆయనకు విత్తనాల అంగడి ఉంది. ఆ ఏడు సరుకు బాగా అమ్ముడుపోయిందని కంపెనీ వాళ్ళు డీలర్లందరినీ కుటుంబాలతో సహా ఓడలో తిప్పుతామన్నారు. చెన్నైలో ఎక్కి, సముద్రంలో రెండు రాత్రులు గడిపి, మళ్ళీ చెన్నైలోనే దిగాలి. మావాడికి నాలుగేళ్ళు, పాపకు రెండు. పాపకు అప్పటికి నోరారా వచ్చిన మాట ఒక్కటే, "వద్దు". పాలు వద్దు, స్నానం వద్దు, చెప్పులు వద్దు. ఈ వయసు పిల్లలతో పక్క ఊరికి పెళ్ళికి పోయి రావడమే నాకు తల ప్రాణం తోకకొస్తుంది, ఇక ఓడెక్కడం ఏమిటన్నాను.

"తేలే హోటలనుకో. వండేది లేదు, తోమేది లేదు. ఇంగేం గావాల నీకు?" అన్నాడు ఆయన.

ఇద్దర్నీ ఒక్కదాన్నే చూసుకోలేనని అత్తను కూడా రమ్మన్నాం. ఆళ్ళగడ్డలో కారు ఆపేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. సంచిలో కందిపొడి, నెయ్యి, ఉగ్గుపిండి. కొంగున ముడి. "సముద్రమంటే ఎన్ని కుందూలుంటాదిరా?" అని కొడుకుని అడిగింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. కడప ముందర పెన్నా వంతెన మీద మావాడు రూపాయి వేస్తే అది ఇసుకలో పడింది. కింద నీళ్ళు లేవు. అత్త ముఖం చిన్నబోయింది, దండం కూడా పెట్టలేదు.

ఓడ ఎక్కగానే అందరికీ నారింజరంగు జాకెట్లు తొడిగి, ప్రమాదం వస్తే ఎక్కడికి పరుగెత్తాలో చూపించారు. పాపకు వేసిన జాకెట్టులో పాప కనిపించలేదు. చిన్న పిల్లల సైజు గదికి పంపిస్తామన్నారు. పంపలేదు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ నవ్వుతూ తలూపారు. సెలవుల సరదాలో చుట్టూ పాటలు మోగుతుంటే, అంత ఎత్తు నుంచి కిందికి చూశాను. నీళ్ళు నీలంగా ఉంటాయనుకున్నాను. నల్లగా ఉన్నాయి. పాపను ఎత్తుకుని నాలుగడుగులు వెనక్కి జరిగాను. ఓడ ఇంకా కదల్లేదు.

రేవు వదిలేటప్పుడు అందరూ పై అంతస్తుకు చేరారు. అత్త ముడి విప్పి మావాడి చేతిలో బిళ్ళ పెట్టింది. వాణ్ని ఎత్తుకునేలోపే యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఓడలోంచి ఏదీ బయటికి విసరకూడదట, కాగితం ముక్కైనా సరే. మా ఆయనకు నలుగురిలో తలకొట్టేసినట్టయింది. తల్లిని పక్కకు తీసుకొచ్చాడు. ఊరు వెనక్కి వెళ్ళిపోతోంది.

"ఇయ్యకుండానే వచ్చేసినాం" అంది అత్త.

"ఇయ్యకపోతే ఏమైతాదంట?" అన్నాను.

"ఏమైతాది. మనం ఇయ్యకపోతే ఆమే తీసుకుంటాది."

ఒళ్ళు మండింది. పిల్లల ముందర ఆ మాటలేంటని గట్టిగానే అడిగాను. మావాడు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. తర్వాత బిళ్ళను చొక్కా జేబులో వేసుకుని, దానిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

ఆ చెయ్యి మళ్ళీ తియ్యలేదు. అన్నం తినేటప్పుడు తీయమంటే తీశాడు గానీ, కళ్ళు జేబు మీదే. "జేజీ, ఏం తీసుకుంటాది?" అని వాళ్ళ నాన్నమ్మను అడిగాడు. ఆమె నా వైపు చూసి, వాడి నోట్లో ముద్ద పెట్టింది. కాసేపాగి నన్నడిగాడు. ఏమీ తీసుకోదన్నాను. మర్నాడు పొద్దున పళ్ళు తోముతుంటే నురగ నోటితోనే మళ్ళీ అడిగాడు, "చెల్లిని తీసుకుంటాదా?" వెంటనే వెళ్ళి బాల్కనీ తలుపు గొళ్ళెం మళ్ళీ ఒకసారి చూసి వచ్చాను.

మా గదికి బాల్కనీ ఉండటం గొప్పని మిగతా డీలర్లు అన్నారు. నాకైతే ఆ గదిలో కనిపించేది ఆ తలుపొక్కటే. బరువైన అద్దం, పైన గొళ్ళెం, అవతల నా ఛాతీ ఎత్తున అడ్డు, ఆపైన ఏమీ లేదు. పిల్లలాడుకునే గదికి వెళ్దామంటే డైపర్లు వేసుకునే పిల్లలను రానివ్వరట. ఈతకొలనులోకీ రానివ్వరు. అంత పెద్ద ఓడలో మాకు మిగిలింది ఆ గదే, ఆ తలుపే.

రెండో రోజు మధ్యాహ్నం మా ఆయన పాపకు వేడిపాలు తేవడానికి కిందికి వెళ్ళాడు. నేను బాత్రూం పక్క మూలలో కూర్చుని పాపకు కందిపొడి అన్నం పెడుతున్నాను. "వద్దు" అంటూనే తింటోంది. అత్త మంచం మీద కునుకు తీస్తోంది. ఏసీలో తనకు ఊపిరాడదని ఆమె పొద్దుట్నుంచీ గొణుగుతూనే ఉంది. ఉప్పుగాలి నా మెడకు తగిలింది. గాలి ఎక్కడినుంచి వస్తోందని తల తిప్పితే, తలుపు జానెడు తెరిచి ఉంది.

మావాడు బాల్కనీలోని చిన్న బల్లను అడ్డు దగ్గరికి జరుపుకుని దానిమీద నిలబడ్డాడు. అడ్డు వాడి తొడల దాకా వచ్చింది. పైభాగమంతా అవతలికి వంగి ఉంది. పిలిస్తే ఉలిక్కిపడి వెనక్కి తిరుగుతాడు, తిరిగితే జారతాడు. అరవకూడదని నాలుక కొరుక్కున్నాను. గదికి ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడానికి నాకు జన్మంతా పట్టింది. దగ్గరికి వెళ్ళేసరికి వాడి మాటలు వినిపించాయి. వెనక్కి చూడకుండా, అలిసిపోయిన గొంతుతో అంటున్నాడు.

"జేజీ, నడుం పట్టుకో. పట్టుకో జేజీ."

అన్నం మెతుకులంటిన చేత్తోనే నడుం పట్టుకున్నాను. పట్టు తగలగానే, అంతవరకూ ఆగిన చెయ్యి విసరడానికి లేచింది. వెనక్కి లాగేశాను. ఇద్దరం నేలమీద పడ్డాం. బిళ్ళ దొర్లుకుంటూ పోయి అడ్డు కింద సందు దగ్గర ఆగింది. ఎంతసేపు అలా పిలుస్తూ నిలబడ్డాడో నాకు తెలియదు. ఎవరో ఒకరు పట్టుకునేదాకా వెయ్యకూడదన్న ఒక్క అలవాటు వాణ్ని ఆపింది. ఆ బల్ల ఎక్కించిందీ ఆ అలవాటే. ఎవరిని తిట్టాలో తెలియక అత్తను తిట్టాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆమె బాల్కనీలోకి వంగి బిళ్ళ తీసి కొంగున ముడి వేసుకుంది. పాప తలుపు దగ్గర నిలబడి, బుగ్గలో అన్నం పెట్టుకుని, అంతా చూస్తోంది.

ఇంటికొచ్చాక ఆ తంతు మాన్పించాను. నది వస్తే కిటికీలు ఎక్కించమని మా ఆయనకు చెప్పాను. అత్త సరేనంది. మావాడు కొన్నాళ్ళు అడిగి ఊరుకున్నాడు. అక్కడితో పోయిందనుకున్నాను.

ఎండలు ముదిరాక ఆళ్ళగడ్డ వెళ్ళాం. అత్త మిద్దెమీద మిరపకాయలు ఎండబోసింది. నేను వాటిని తిరగేస్తుంటే నా వెనకే పాప ఆడుకుంటోంది. పక్కింటావిడ అవతలి మిద్దె మీంచి ఏదో అడిగింది, నేనేదో చెప్పాను. అంతే. తిరిగేసరికి పాప బోర్లించిన బకెట్టు మీదినుంచి పిట్టగోడ మీదికి పాకింది. కడుపు గోడ మీద ఉంది, కాళ్ళు గాల్లో ఉన్నాయి. కింద పెరట్లో సిమెంటు తొట్టి, నిండా నీళ్ళు. గుప్పిట్లో ఒక ఎండుమిరపకాయ. గౌనుతో సహా దొరకబుచ్చుకున్నాను. ఆ మిరపకాయ చేత్తోనే కళ్ళు నులుముకుని సాయంత్రం దాకా ఏడ్చింది. కళ్ళు కడుగుతూ నేనూ ఏడ్చాను. ఆ రోజు ఓడలో మావాడు పట్టుకోమని పిలిచాడు. ఇది పిలవలేదు.

పాప నిద్రపోయాక అత్త దగ్గర కూర్చున్నాను.

"అత్తా, దీనికి గూడా నేర్పియ్."

"ఏందీ, బిళ్ళ వేసేదా? నువ్వే గదా మాన్పిస్తివి?"

"అది కాదు. పట్టుకోమని అడిగేది నేర్పియ్."

ఆమె కొంగు ముందుకు లాక్కుని ముడి విప్పింది. అందులో ఓడనాటి బిళ్ళ అలాగే ఉంది.

తర్వాతి ఆదివారం అత్త మా దగ్గరికి వస్తే కుందూ వంతెన మీద కారు ఆపించాం. పైనుంచి నీళ్ళు వదిలినట్టున్నారు, ఎండాకాలమైనా నదిలో బాగానే ఉన్నాయి. అత్త పాపను ఒళ్ళో నిలబెట్టి, కిటికీ దించి, చేతిలో ఆ రూపాయి పెట్టింది. "అడుగు తల్లీ. నడుం పట్టుకో జేజీ అని అడుగు" అంది. పక్కనుంచి మావాడు కూడా, "అడుగు చెల్లీ, అడక్కుండా వెయ్యకూడదు" అన్నాడు. పాప వాళ్ళ ముఖాలు చూడలేదు. కిందికి, నీళ్ళ వైపే చూస్తోంది. అప్పటికే సగం ఒళ్ళు కిటికీ బయట ఉంది.

"వద్దు" అంది.

అత్త చేతుల మీద నా చేతులు వేసి, నడుం ఇంకా గట్టిగా పట్టుకున్నాను.