మూడు చుట్టల రిఫ్లెక్టరు, మా అత్త రంగు

కోటబొమ్మాళికి నేను కోపంతోనే బయలుదేరాను. అక్కడి మిషన్ బడిలో పాఠాలు చెప్పిన మా మేనత్తకి ఆ రోజు పదవీ విరమణ సభ. మా ఇంట్లో ఏ పెళ్లి ఆల్బమ్ తెరిచినా అత్త తన రంగులో ఉండదు. స్టూడియోవాళ్లు కంప్యూటర్లో పిండి పూసినట్టు తెల్లగా చేసేస్తారు. అడిగితే "బాగుంటుందని చేశామండీ" అంటారు. ఎవరడిగారు వీళ్లని? ఈసారి నేనే తీస్తానని, ముఖం మీదికి వెలుగు మళ్లించే గుండ్రటి రిఫ్లెక్టరు కొన్నాను.

విజయనగరంలో ఉదయం ఆరు దాటాక ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు తక్కువే, ప్రయాణం రెండు గంటల పైమాటే. చీపురుపల్లి దాటాక రైలు పెట్టె ఖాళీ అయిందని రిఫ్లెక్టరు బయటికి తీశాను. తీయగానే మూడున్నర అడుగుల చక్రమై విచ్చుకుంది. మళ్లీ మడవబోతే లొంగదు. సంచి మీద "చిటికెలో మడవవచ్చు" అని ఉంది, ఎలాగో మాత్రం లేదు. సగానికి వంచి మోకాలితో నొక్కితే ఎగిరి ముక్కుకి తగిలింది. కోటబొమ్మాళిలో దాన్ని అలాగే మోసుకుని దిగాను.

"ఏటమ్మా ఆ సక్రం? ఆటోలో నలుగురున్నారు. మడిసీసి తే," అన్నాడు డ్రైవరు. మడవడం వస్తే నేనెందుకిలా నిలబడతాను? సభ పదింటికి, అప్పటికే తొమ్మిది దాటింది.

పక్కనే కలప కోసే మిల్లులోంచి ఒక పెద్దాయన చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఇలా తే అమ్మా. మా పట్టీ రంపం బ్లేడూ రిబ్బను సుట్టలా ఇలాగే గుండ్రంగా ఉంటాది, రోజూ మడుస్తన్నాను. నువ్వు రెండు మడతలు సేద్దావని సూస్తన్నావు. దీనికి రెండు కుదరదు, మూడే." ఒక చెయ్యి ఇటు, ఇంకో చెయ్యి అటు మెలితిప్పాడు. చక్రం మూడు చుట్టలై ఒకదాని మీద ఒకటి పడింది. నా చేత కూడా రెండుసార్లు చేయించాడు.

"ఈ మాత్రం సంచి మీద రాయొచ్చు కదండీ," అన్నాను.

"రాసినోడు ఎప్పుడైనా మడిసుంటే కదమ్మా."

బడి ఆవరణలో అత్తని వేపచెట్టు నీడలో కూర్చోబెట్టాను. వంట చేసే ఆవిడ రిఫ్లెక్టరు పట్టుకుంది. గోడకి కొట్టిన బంతి ఎంత వాలుగా వెళ్తే అంతే వాలుగా తిరిగొస్తుంది, వెలుగూ అంతే. ఆవిడ కాస్త వంచగానే ఎండ అత్త ముఖం మీదికి తిరిగింది. తీసిన ఫొటో చూపించాను. అత్త దాన్ని దగ్గరికి లాక్కుంది.

"ఇదే కదే నా మొకం. ఇన్నేళ్లూ ఆల్బముల్లో ఎవరినెట్టినారే?"

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే మళ్లీ కోపమూ వచ్చింది. తెలియని మడత ఒక్క పూటలో నేర్చుకోవచ్చు. ఒక మనిషి రంగు తప్పని నమ్మేవాళ్లకి ఏం నేర్పాలో నాకు తెలియదు. మీరూ ఇలాంటి పని మీద వెళ్తే ఒక సలహా: అచ్చుకి ఇచ్చేటప్పుడు "రంగు ముట్టుకోవద్దు" అని రాసిచ్చి ఊరుకోకండి. నేను రాసిచ్చాను, అయినా తెల్లగానే వచ్చింది. రెండోసారి స్టూడియోలో అచ్చు వేసే అతని పక్కనే నిలబడి వేయించాను.