ఇంజిన్ ఆపని ప్రార్థన

నర్సీపట్నంలో చింతపల్లి వెళ్లే రోడ్డు పక్కన నా షెడ్డు ఉండేది. కొండెక్కబోయే బండ్లూ కొండ దిగివచ్చిన బండ్లూ నా ముందు నుంచే పోయేవి. టీ తాగుతూ శబ్దం విని, ఏ బండి ఏ జబ్బుతో పోతోందో చెప్పగలిగేవాణ్ని. ఈ మాట గొప్పకే రాస్తున్నాను. చిన్నప్పుడు ఆదివారం బడిలో కూర్చుని బైబిలు వాక్యం కంఠతా పట్టినవాణ్ని, గర్వం మంచిది కాదని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా మా సంఘం వారి టర్బో కారు సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఛాతీ కొంచెం పొంగుతుంది. దేవుడు ఇచ్చిన చేతులు ఆయన పని మీదే తిరిగాయి కదా అని సర్దుకుంటాను.

తొంభైల్లో మా పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అని పిలిచేవాళ్లం, నెలకోసారి జీపులో కొండ మీది సంఘాలకు వెళ్లేవారు. అక్కడి విశ్వాసులు కొండ పొలాలు చేసుకుంటూ, అడవిలో చింతపండూ అడ్డాకులూ ఏరుకుని సంతలో అమ్ముకునే కుటుంబాల వాళ్లు. ఆరాధన వాళ్లే జరుపుకునేవారు. కానీ రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల మాత్రం, మా సంఘం క్రమం ప్రకారం, అయ్యగారి చేతుల మీదుగానే జరగాలి. ఆయన వెళ్తేనే వాళ్లకు బల్ల.

రెండు వేల సంవత్సరం దాటాక రెండు కష్టాలు ఒకేసారి వచ్చాయి. జీపు ఛాసిస్ తుప్పు పట్టి విరిగింది. అయ్యగారు మోటార్‌సైకిల్ మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నారు. బస్సు మెట్టు ఎక్కడమే ఆయనకు గండమైంది. అప్పుడు విశాఖపట్నంలో ఒక విశ్వాసి తన ఇంటి వెనక నాలుగేళ్లుగా కదలకుండా పడి ఉన్న డీజిల్ కారును సంఘానికి ఇచ్చేశాడు. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. బానెట్ మీద రంగు పొలుసులు లేచింది. అయితే అది టర్బో బండి. లారీ మీద తెచ్చి నా షెడ్డులో దింపినప్పుడు, మూడు నెలల్లో అయ్యగారిని ఇందులో కొండెక్కిస్తానని ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి అందరి ముందూ మాటిచ్చాను.

టర్బో అంటే పెద్ద మాయ ఏమీ లేదు. ఇంజిన్ నుంచి బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం ఉంటుంది, అది గాలిని బలంగా ఇంజిన్లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే లాగుడు ఎక్కువ. ఆ ఇరుసు తిరిగే వేగం మామూలుది కాదు. పల్చటి ఇంజిన్ ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది.

మూడు నెలల్లో బండిని లేపాను. బ్రేకులు, డీజిల్ తొట్టి, వైరింగ్ అన్నీ కొత్తగా చేశాను. తీరా నడిపితే ఎత్తు రోడ్డు మీద నల్లటి పొగ, లాగుడు లేదు. డీజిల్ పంపు చెడిందన్నారు తోటి మేస్త్రీలు. పంపు విప్పి సరిచేయించాను, మారలేదు. డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్చాను, మారలేదు. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు. గాలి ఎక్కడో కారిపోతోంది. కానీ బండి ఆగి ఉంటే గొట్టాల్లో ఒత్తిడి ఉండదు, కారేది కనబడదు.

గొట్టాలకు రెండు పక్కలా బిరడాలు బిగించి లోపలికి గాలి కొట్టి చూడాలనుకున్నాను. సరిగ్గా ఆ కొలతకు బిరడాలు ఎక్కడ దొరుకుతాయి? ఏటికొప్పాక వెళ్లాను. అక్కడ లక్క బొమ్మలు చేసే ఒకాయన నా కొలతలు చూసి, ఇది ఏ బొమ్మ అని అడిగాడు. బొమ్మ కాదు, కారు గొట్టానికి మూత అంటే నవ్వి, అంకుడు కర్రను గిర్రున తిరిగే తరిణె మీద పెట్టి అరగంటలో రెండు బిరడాలు తీశాడు. చేతి అలవాటు ఊరుకోదు కదా, ఒకదానికి ఎర్ర లక్క, ఇంకోదానికి పసుపు లక్క కూడా పూసి ఇచ్చాడు. ఒకదానికి చిల్లి పెట్టి ట్యూబు వాల్వు బిగించి, పంచర్ షాపు నుంచి గాలి కొట్టించి, గొట్టం పొడుగునా సబ్బు నీళ్లు రాశాను. రబ్బరు వంపు కింది పక్క, చేయి కూడా దూరని చోట, బుడగలు పుట్టాయి. వెంట్రుక సన్నం పగులు.

ఆ రబ్బరు గొట్టం తీసేసి అల్యూమినియం గొట్టం వంచి పెట్టాను. పాత సామాన్ల కొట్టులో దొరికిన చిన్న రేడియేటర్‌ను ముందు జాలీ వెనక బిగించి, టర్బో తోసే గాలి అందులోంచి చల్లబడి వెళ్లేలా చేశాను. కంపెనీ వాడు ఆ బండికి అది పెట్టలేదు, నేను పెట్టాను. డాష్‌బోర్డు మీద గాలి ఒత్తిడి చూపించే మీటరు కూడా అమర్చాను. పరీక్షకని మొదటిసారి లంబసింగి ఘాట్ ఎక్కినప్పుడు బండి మూడో గేరులో వంపులు తిరుగుతుంటే అయ్యగారు ఆ ముల్లు వైపే చూస్తూ, మోకాలి నొప్పి మరిచిపోయాను అన్నారు.

ఆ ఆనందం రెండు నెలలే. ఈసారి నీలి పొగ మొదలైంది. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోందని అర్థం. టర్బో విప్పితే ఇరుసు వదులై ఊగుతోంది. ఆయిల్ వెనక్కి దిగే పైపు లోపల, అడుగంటిన గిన్నెకు పట్టినట్టు నల్లటి మసి గట్టిపడి ఉంది. ఆయిల్ మంచిది కాదని కొట్టువాడితో పోట్లాడాను. టర్బో బాగు చేయించి, పైపు మార్చి, ఖరీదైన ఆయిల్ పోశాను. మరో మూడు నెలలకు మళ్లీ నీలి పొగ, మళ్లీ అదే మసి.

సంఘ పెద్దల్లో ముఖ్యుడు ఒక రిటైరైన హెడ్మాస్టరు. ఆయన పిలుపు మీద పెద్దలు కూర్చున్నారు. ఇంకొక్కసారి ఈ బండి పొగ వదిలితే తుక్కుకు అమ్మేయాలనీ, అయ్యగారి ఆరోగ్యం దృష్ట్యా కొండ ప్రయాణాలు మాన్పించాలనీ తీర్మానం రాశారు. అంటే మళ్లీ పొగ వస్తే కొండ మీది వాళ్లకు ఇక బల్ల లేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను.

మాస్టారు నన్నే చూస్తూ అన్నారు. "పంపు మార్చినావు, గొట్టం మార్చినావు, టర్బో మార్చినావు. ఇంక మార్చడానికి ఏటి మిగిలింది బాబూ, మేస్త్రీనా?"

నవ్వనివాళ్లు లేరు. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోవడం చూశాను.

ఆ మాట నాకు బాగా తగిలింది. టర్బోను ఇంకోసారి బాగు చేయించి పైపు మార్చాను, అదే ఆఖరిసారి. తర్వాతి ప్రయాణంలో నేనూ బండెక్కాను. అప్పటిదాకా దాన్ని షెడ్డులోనో, నర్సీపట్నం రోడ్ల మీదో, మధ్య దారిలోనో చూశాను తప్ప, కొండ మీది ఊరికి చేరి ఆగడం ఎప్పుడూ చూడలేదు. ఆదివారాలు నాకు ఇక్కడి సంఘంలో పాటల బాధ్యత ఉండేది.

డ్రైవరు ఒకప్పుడు ఘాట్ లారీలు తోలిన విశ్వాసి, చేయి తిరిగినవాడు. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు. ఆఖరి ఎత్తు బాగా నిటారు. మీటరు ముల్లు చివరిదాకా లేచింది. ఎత్తు దాటగానే ఊరు. ఊరి జనం డప్పులతో పాడుతూ రోడ్డు మీదే నిలబడి ఉన్నారు. వాళ్లు కనబడగానే డ్రైవరు తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు, బండి మిగిలిన ఊపుతో జారి వాళ్ల ముందు ఆగింది. డప్పులు ఆగాయి. అందరూ చెప్పులు విడిచి తల వంచారు. అయ్యగారు సీట్లోంచి కదలకుండానే క్షేమంగా తెచ్చినందుకు స్తుతి ప్రార్థన మొదలుపెట్టారు.

ఇది జీపు కాలం నుంచి ఉన్న మా పద్ధతి. బండి నోరు మూశాకే మనం దేవుని ముందు నోరు తెరవాలని మాస్టారు పెట్టిన క్రమం. జీపుకు టర్బో లేదు గనక దానికి ఏ హానీ జరగలేదు.

నేనూ కళ్లు మూసుకున్నాను. జనమంతా మౌనంగా ఉన్నారు. అప్పుడు బానెట్ కింద నుంచి సన్నటి ఈల లాంటి శబ్దం వినబడింది. అది నెమ్మదిగా సన్నగిల్లి ఆగిపోయింది. ఇంజిన్ ఆగాక కూడా టర్బో చక్రం తిరుగుతూనే ఉంది. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు ఆగుతుంది. కొండెక్కి ఎర్రగా కాలిన టర్బో, ఆయిల్ అందకుండా తిరుగుతోంది. నిలిచిపోయిన ఆ కాస్త ఆయిల్ ఆ వేడికి మాడి మసి అవుతోంది. నా షెడ్డులో బండి ఎప్పుడూ కాసేపు ఊరికే నడిచి, చల్లబడి, ఆగేది. ఇక్కడ మాత్రం ప్రతిసారీ మా భక్తే దాన్ని కాల్చేసింది. ఆ రోజు ప్రార్థనలో ఒక్క మాట కూడా నా చెవిన పడలేదు. దానికి తర్వాత క్షమాపణ అడిగాను. కానీ ఆ నిశ్శబ్దం లేకపోతే ఆ ఈల నాకు వినబడేదీ కాదు.

తిరిగి వచ్చాక పెద్దల ముందు చెప్పాను. ఊరు చేరాక మూడు నాలుగు నిమిషాలు ఇంజిన్ మెల్లగా నడవనివ్వాలి, ఆ తర్వాతే ఆపాలి. మరి అంతసేపూ జనం ఎండలో నిలబడి ఎదురుచూడాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదు, ప్రార్థన ఇంజిన్ నడుస్తుండగానే చేసుకుందాం అన్నాను.

మాస్టారికి కోపం వచ్చింది. "బండి గుర్రుమంటా ఉంతే అది ప్రార్థనేటి? దేవుడి ముందర భయం నేదా నీకు?"

"డప్పులు కొడితే ఇనే దేవుడండి మాస్టారూ. ఇంజిన్ సప్పుడు ఆయనకి అడ్డేటి?" అన్నాను. అనేశాక నాకే భయం వేసింది. పెద్దల మధ్య అంత మాట నేను ఎప్పుడూ అనలేదు.

అయ్యగారు ఊతకర్ర మీద చేతులు పెట్టుకుని మాస్టారి వైపు తిరిగారు. "ఈసారి మీరూ రండి మాస్టారూ. స్తుతి ప్రార్థన మీరే చెయ్యాలి. మీ ప్రార్థన అయ్యేలోపు సల్లారని ఇంజిన్ ఉండదు."

మాస్టారి ప్రార్థనల పొడవు మా సంఘంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఈసారి నవ్వనివాడు మాస్టారు ఒక్కడే. అయితే ఆయన రానని అనలేదు.

మరుసటి నెల ఆయన వచ్చారు. ఊరి ముందు బండి ఆగింది, ఇంజిన్ ఆగలేదు. జనం తల వంచలేదు, ఇంజిన్ ఎప్పుడు ఆగుతుందా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాస్టారు బండి దిగి, బానెట్ మీద చేయి వేసి, ఇంజిన్ కంటే గట్టి గొంతుతో ప్రార్థన ఎత్తుకున్నారు. కొండనూ, పంటనూ, రోగులనూ, ప్రభుత్వాన్నీ, డ్రైవరునూ వరసగా తలచుకున్నారు. నా పేరు కూడా వచ్చింది. ఆమేన్ అన్నాక డ్రైవరు తాళం తిప్పాడు. నేను చెవి పెట్టి విన్నాను. ఈల రాలేదు.

ఆరు నెలలు పొగ లేకుండా గడిచాయి. కానీ పొగ లేకపోవడం ఒక్కటే చూపి తీర్మానం కొట్టేయమని అడగడం నాకు ఇష్టం లేకపోయింది. ఒక శనివారం ఉదయం పెద్దలందరినీ షెడ్డుకు పిలిచి, వాళ్ల కళ్ల ముందే టర్బో ఆయిల్ పైపు విప్పాను. ఇంతకు ముందు రెండుసార్లూ మసి పట్టిన పాత పైపులను దాచి ఉంచాను, వాటినీ పక్కన పెట్టాను. కొత్త పైపు లోపల ఆయిల్ తడి తప్ప ఏమీ లేదు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని మూడింటిలోకీ ఒకదాని తర్వాత ఒకటి చూశారు. తృప్తి పడక చూపుడు వేలు కొత్త పైపులో దూర్చి తిప్పారు. బయటికి తీసి, వేలిని ఎండలో పట్టుకుని చాలాసేపు పరిశీలించారు.

తర్వాత తీర్మానాల పుస్తకం తెమ్మన్నారు. ఆయిల్ అంటిన వేలు పైకెత్తి పట్టుకుని, మిగిలిన వేళ్లతోనే పెన్ను పట్టి, పాత తీర్మానం ఉన్న పేజీ మీద అడ్డంగా గీత కొట్టారు. కింద ఇలా రాశారు: కొండ సంఘాలలో ప్రభువు బల్ల ఎప్పటిలాగే నెలనెలా జరుగును.

"సంతకం పెట్టు" అని పెన్ను నాకిచ్చారు. నేను పెద్దల్లో ఒకణ్ని కాదని గుర్తు చేశాను.

"నాకు తెల్దేటి? పెట్టు బాబూ, బేగి" అన్నారు.

పెట్టాను. పెద్దల పుస్తకంలో ఒక మేస్త్రీ సంతకం ఉన్న పేజీ అదొక్కటే.