యథాతథ స్థితిలో ఒక మడ అడవి

మా తాతగారి ఉప్పు మడుల మీద ఇప్పుడొక అడవి ఉంది. దాన్ని పెంచింది ప్రభుత్వం కాదు, నేనూ కాదు. మా పెదనాన్నగారి అబ్బాయికీ నాకూ ఉన్న శత్రుత్వం పెంచింది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది. కాని మొన్నీమధ్య ఒక రాజీ కాగితం మీద సంతకం పెట్టాలో వద్దో తేల్చుకోవలసి వచ్చింది. పెడితే ఆ అడవి ఉండదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఫరంపేట దాటి చెరువు గట్ల మీద చాలాసేపు నడిస్తే ఏటి పాయ ఒడ్డున ఆ స్థలం వస్తుంది. ఫ్రెంచివాళ్ళ కాలంలో తాతగారు అక్కడ ఉప్పు పండించేవారు. అప్పట్లో యానాంలో చెప్పుకోదగ్గ మేడల్లో మాదొకటి. ఇప్పుడు ఆ మేడ ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టుంది. నేను ఆ వీధిన వెళ్ళను. చుట్టు తిరిగి వెళతాను.

తాతగారు పోయాక మడుల కోసం తగాదా వచ్చింది. మా నాన్నగారు ఒక దస్తావేజు తీశారు. పెదనాన్నగారు ఇంకొకటి తీశారు. రెండింటి మీదా తాతగారి సంతకం ఉంది. కేసు తేలేదాకా యథాతథ స్థితి పాటించాలని, ఎవరూ అక్కడ ఏమీ మార్చకూడదని కోర్టు ఆర్డరు వేసింది. కోర్టు జవాను, అమీనా, వచ్చి రేకు బోర్డు పాతి వెళ్ళాడు. తరవాత నాన్నగారు పోయారు, పెదనాన్నగారు పోయారు, వకీళ్ళు మారారు. బోర్డు అలాగే ఉంది. గట్టు తెగితే వేసేవాడు లేడు. పోటుకి ఏటి నీళ్ళు లోపలికి వచ్చాయి. వాటితో మడ గింజలు కొట్టుకొచ్చాయి. ఇదంతా నాకు తెలియదు. నేను వాయిదాలకి వెళ్ళానే తప్ప మడుల వైపు ఎప్పుడూ వెళ్ళలేదు.

నాకు ఆ సంగతి చెప్పింది ఒక చదువుకునే అమ్మాయి. బావురుపిల్లుల మీద ఏదో పరిశోధన చేస్తోంది. నీళ్ళలో దిగి చేపలు పట్టుకునే అడవిపిల్లి అది. బోర్డు మీద కేసు నంబరు చూసి, కోర్టులో అడిగి, మా ఇల్లు పట్టుకుని వచ్చింది.

"తాతగారూ, మీ అడవిలో కెమెరాలు పెట్టుకోవచ్చాండీ?"

"మాకు అడవులు లేవమ్మా. ఉప్పు మడులున్నాయి. అవీ తగాదాలో ఉన్నాయి."

"మీరు ఈమధ్య అటు వెళ్ళారాండీ?"

వెళ్ళలేదని చెప్పడం నామోషీ అనిపించి గొడుగు తీసుకుని ఆమె వెంట నడిచాను. ఎటు చూసినా రొయ్యల చెరువులు, నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు. వాటి చివర ఒక్కసారిగా చీకటిగా, తడిగా, తలెత్తి చూసేంత మడ చెట్లు. కింద బురదలో వేళ్ళు మేకుల్లా నిలబడి ఉన్నాయి. గట్టు మీద నిలబడి చూస్తే మధ్యలో మా బోర్డు. దాని మీద లకుముకి పిట్ట.

కొన్నాళ్ళకి ఆమె తన కెమెరాలో పడ్డ ఫొటో తెచ్చి చూపించింది. నోట్లో చేపతో బావురుపిల్లి. దాని వెనక సగం చెరిగిపోయిన అక్షరాలు, 'ఎవరూ ప్రవేశించరాదు' అని.

"ఏటవతల అంత అభయారణ్యం ఉందిగా, ఇక్కడికెందుకొచ్చింది?" అన్నాను.

"అక్కడ బాగుండబట్టేనండి. గొడ్డలి పడదు కదా, ఈనిన పిల్లలు బతుకుతున్నాయి. పిల్ల ఎదిగాక సొంత చోటు వెతుక్కోవాలి. బయటకొస్తే అన్నీ చెరువులే, చుట్టూ కరెంటు తీగలు. ఇటువైపు దాక్కోడానికి మీదొక్కటే ఉందండి."

ఆ అభయారణ్యం నేనూ చూశాను. చెక్క బాట మీద జనం ఒకరినొకరు తోసుకుంటూ ఫొటోలు తీసుకుంటున్నారు. కింద బురదలో చిప్సు పొట్లాలు. ఒకాయన కొంగని ఇటు చూడమని ఈల వేస్తున్నాడు. మండుకొచ్చి వెనక్కి తిరిగాను. అయితే ఒప్పుకోవలసింది ఒప్పుకోవాలి. ఆ బాట దాటాక అడవి అడవిలాగే ఉంది. గీత గీసి కాపాడితే ఫలితం ఉంటుందని అక్కడ తెలుస్తుంది. గీత దగ్గరే అంతా ఆగిపోతుందనీ అక్కడే తెలుస్తుంది.

సరిగ్గా అప్పుడే అన్నయ్య, అదే మా పెదనాన్నగారి అబ్బాయి, నోరు విప్పాడు. కోర్టు వరండాలో ఒకే బెంచీకి ఆ చివర అతను, ఈ చివర నేను. ఎన్నో ఏళ్ళుగా అలాగే కూర్చుంటున్నాం. మాట లేదు. ఆ రోజు జరిగి జరిగి పక్కకొచ్చాడు.

"ఒరేయ్ తమ్ముడూ, నాకు షుగరు, నీకు బీపీ. ఇంకెన్నాళ్ళురా ఈ బెంచీ? చెరో సగం తీసుకుందాం. రొయ్యల చెరువుకి అడిగేవోళ్ళున్నారు. సంతకాలైన మర్నాడే పొక్లెయిన్ దిగుద్ది."

"అక్కడ చెట్లున్నాయి."

"చెట్లా? మడ చెట్లురా అయ్యి. మావిడి చెట్లా ఏంటి, ఏడవడానికి!"

ఆలోచించి చెబుతానన్నాను. ఎవరి దగ్గరా చెయ్యి చాచని ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ వారంలోనే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని రెండు ఆఫీసుల గుమ్మాలు ఎక్కాను. మొదటిది ఏటవతల అభయారణ్యం వాళ్ళది.

"యానాం స్థలమాండీ? మాది ఆంధ్రా కదండీ. మా బౌండరీలోకి రాదు," అన్నాడు గుమస్తా.

"పిల్లి మీ దగ్గరనుంచే వచ్చింది."

"వచ్చేశాక మీదైపోద్దండి, ఆయ్."

పక్క బల్లవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. రెండోది మా ఊళ్ళోదే, అడవుల సంగతి చూసే ఆఫీసు. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు. కుర్చీ వేయించి, టీ తెప్పించి, రికార్డు తిరగేశాడు.

"ఇక్కడ ఉప్పు మడి అనుందండి. ఉప్పు మడిలో అడివెలా ఉంటాదండి?"

"వచ్చి చూడండి."

"చూస్తే రాయాలండి. రాస్తే పాండిచ్చేరి పంపాలి. వాళ్ళు ముందు ఇదెవరిదని అడుగుతారు. ముందు మీ తగాదా తేల్చుకుని రండి."

"తగాదా తేలితే అడవి ఉండదయ్యా."

"అప్పుడు రాసే పనే ఉండదు కదండీ," అన్నాడు. వెటకారం కాదు. నాకు శ్రమ తప్పుతుందని నిజంగానే సంతోషించాడు.

టీ తాగకుండా లేచి వచ్చేశాను. ఇంతమంది జీతాలు, ఇన్ని బోర్డులు, ఇన్ని గీతలు! ఒక పిల్లి ఏరు దాటితే దానికి దిక్కు లేదు. దాన్ని ఇన్నాళ్ళూ కాపాడింది ఇద్దరు ముసలివాళ్ళ పంతం. ఇంతకంటే సిగ్గుమాలిన ఏర్పాటు ఇంకొకటి ఉంటుందా?

ఇంట్లో నా భార్య వేరే లెక్కలో ఉంది. మేముండే ఇల్లు కురుస్తుంది. వాన వస్తే మంచం ఏ మూలకి జరపాలో మాకు కంఠతా వచ్చు.

"ఇన్నాళ్ళూ మీ అన్నయ్య మీద కోపంతో సంతకం పెట్టలేదు. సర్లే, అది మీ ఇంటి జబ్బు అనుకున్నాను. ఇప్పుడు పిల్లి కోసమా? దానికి చెట్టు కావాలి. మరి నాకు కప్పు అక్కర్లేదా అండీ?"

ఆవిడ లెక్కలో తప్పు లేదు. ఈనాటికీ లేదు.

వాయిదా ముందు రోజు వకీలుని అడిగాను, పిల్లి సంగతి కోర్టులో చెప్పవచ్చా అని. ఆయన కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశాడు.

"పిల్లి మాట ఎత్తకండి. ఆస్తి తగాదాలో పిల్లికి హక్కేముంది? రాజీ ఇష్టం లేదనండి. ఆ ముక్క చాలు."

మర్నాడు కోర్టులో అన్నయ్య కలం మూత తీసి పట్టుకుని ఉన్నాడు. రాజీ కుదిరిందా అని జడ్జిగారు అడిగారు.

"నాకు సమ్మతం కాదండి," అన్నాను.

వాయిదా పడింది. వరండాలోకి రాగానే అన్నయ్య నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. మూత తీసిన కలం ఇంకా చేతిలోనే ఉంది.

"నా అంతట నేనొచ్చి అడిగానే, అదిరా నీకు లోకువైంది! నీకు తాత మేడ రాలేదు గానీ తాత పొగరు మాత్రం మొత్తం నీకే వొచ్చింది."

నీ మీద కోపం కాదు అన్నయ్యా, అందామని నోటిదాకా వచ్చింది. నిజానికి అతను పక్కకి జరిగి కూర్చున్న రోజునే నా కోపం పోయింది. ఆ మాట అంటే రాజీ పడమంటాడు. పిల్లి అంటే ఊరంతా నవ్వుతుంది, కేసూ నిలవదు. పొగరుకైతే కోర్టులో విలువ ఉంది. అందుకని అతని మొహం చూడకుండా గొడుగు తెరుచుకుని వచ్చేశాను. ఆ నడక మాత్రం నాకు చేతనైనదే.

ఇది ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది వేరే సంగతి. మా పిల్లలకీ అన్నయ్య పిల్లలకీ మధ్య పగలు లేవు. ఫోన్లో గ్రూపు పెట్టుకున్నారు. పుట్టినరోజుకి కేకు బొమ్మలు పంపుకుంటారు. మేమిద్దరం పోతే పది రోజులు తిరక్కుండా రాజీ పడిపోతారు. వాళ్ళ సఖ్యత చూస్తే నాకు భయం వేస్తోంది.

మొన్న ఒక చిన్న డబ్బా నల్లరంగు, ఒక కుంచె కొన్నాను. "ఆ రంగేదో ముందు మన కిటికీలకి వెయ్యొచ్చుగా," అంటూనే నా భార్య పాత పంచె ఒకటి తీసిచ్చింది, మంచిది పాడుచేసుకోవద్దని.

ఏటి నీళ్ళు తీసే పాటు వేళ చూసి వెళ్ళాను. బోర్డు చెబుతున్న ప్రకారం నేనూ లోపలికి పోకూడదు. ఇన్నేళ్ళలో నేను కోర్టు మాట దాటింది ఆ ఒక్కరోజే. మోకాలి లోతు బురదలో నిలబడి, చెరిగిన అక్షరాల మీద ఒక్కొక్కటిగా దిద్దాను. కేసు నంబరు, 'ఎవరూ ప్రవేశించరాదు', కింద వాది, ప్రతివాది. నా పేరు త్వరగానే అయిపోయింది. అన్నయ్య పేరు దగ్గర కుంచె మళ్ళీ ముంచి, దీర్ఘాలూ ఒత్తులూ ఎక్కడా చెదరకుండా నిదానంగా రాశాను. ఆ పేరు అక్కడ లేకపోతే మర్నాడే పొక్లెయిన్ వస్తుంది.