యోసేపు తారుమారు చేసిన రెండు వైర్లు

డెబ్బై ఎనిమిదిలో తిరువూరు తవుడు నూనె ఫ్యాక్టరీకి, బాయిలర్ ఆవిరి ఒత్తిడిని కంట్రోల్ రూములో ముల్లు మీద చూపించే ట్రాన్స్‌మిటరు వచ్చింది. దానికి రెండే వైర్లు. దానికి కావలసిన కాస్త కరెంటు వచ్చేదీ, అది చెప్పే లెక్క పోయేదీ ఆ రెండింటిలోనే. మోటార్ల పనిలో చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియను అంకారావుకి ఇది మింగుడుపడలేదు. మోటారుకిచ్చినట్టే మెయిన్ లైను తగిలించాడు. కొత్త సామాను కాస్తా మాడి కూర్చుంది.

మాడ్చింది తాను, చెప్పింది తోటి ఎలక్ట్రీషియను యోసేపు పేరు. ఇంజనీరు వీరరాఘవయ్య ఒక్క ప్రశ్నయినా అడక్కుండా యోసేపును గోడౌనులో బల్బులు మార్చే పనికి తోసేశాడు. ఒకే క్యారియరులో అన్నం తిన్నవాడు తన ఎదుటే నిలబడి అబద్ధమాడాడని యోసేపు కడుపు రగిలిపోయింది.

"క్షమించమని ప్రతి ఆదివారం వింటారు గదండీ," అంది భార్య మేరమ్మ.

"వింటానే. ముందు వాడు అడగాలిగా."

వాడు అడగలేదు. పైగా ఏడాది తిరిగేసరికి కొత్త ట్రాన్స్‌మిటరు బిగించే పని కూడా వాడికే దక్కింది. యజమానులు చూడడానికి వచ్చే రోజు పొద్దున్నే, బల్బు మార్చే వంకతో యోసేపు బాయిలర్ దగ్గరికి వెళ్ళి ట్రాన్స్‌మిటరు వైర్ల పెట్టె మూత తీశాడు. ప్లస్సు వైరు మైనస్సులో, మైనస్సు వైరు ప్లస్సులో పెట్టి మూత బిగించాడు. బాయిలర్ మీద వేరే గేజి ఉంది గనక ప్రాణాలకేం కాదు. పోవలసింది అంకారావు పరువే.

పోయింది. అందరి ముందూ ముల్లు సున్నా కిందికి పడి మళ్ళీ లేవలేదు. అంకారావు కంట్రోల్ రూములో వైర్లన్నీ పీకి చూశాడు గానీ, తన చేత్తో బిగించిందని ఆ పెట్టె మాత్రం తెరవలేదు. వాడు చెమటలు కక్కుతుంటే గుమ్మంలోంచి యోసేపు కళ్ళారా చూశాడు. ప్రాణం ఎంత హాయిగా ఉందో. సాయంత్రానికి గోడౌను అంకారావుకీ, కంట్రోల్ రూము యోసేపుకీ వచ్చాయి.

మర్నాడు అంకారావు తాళాలు అప్పగించడానికి వచ్చాడు.

"వైరు కొస మడిచి స్క్రూ కింద పెట్టేవాడివి ఇక్కడ నువ్వొక్కడివే. నిన్న వాళ్ళంతా వెళ్ళాక పెట్టె తెరిచి చూశా."

యోసేపు కంట్రోల్ రూము కుర్చీలోంచి లేచాడు. "మరి ఇంజనీరు గారికి చెప్పలేదేం?"

"ఒకసారి నీ పేరు చెప్పా. మళ్ళీ నోరు రాలేదు."

తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఏడాదిపాటు పెంచుకున్న పగని ఆ ఒక్క మాటతో ఎత్తుకుపోయాడు. రిటైరయ్యేదాకా యోసేపు ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. అంకారావుని మనసారా తిట్టుకుందామంటే ఇక తిట్టు రాలేదు. అందుకు మాత్రం వాణ్ణి చచ్చేదాకా క్షమించలేదు.