సాయిలు బాయిలర్, దాచిన వార్నింగ్

2023లో నేను సిద్దిపేటలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. యంత్రం ఎలా నడవాలో మేం మోడలింగ్ లాంగ్వేజ్‌లో ఒక మోడల్‌గా రాస్తే, కంపైలర్ దాన్ని ప్రోగ్రాముగా మారుస్తుంది. ఎక్కడైనా అనుమానం వస్తే వార్నింగ్ ఇస్తుంది. ఫలానా వార్నింగ్ చూపించవద్దని మోడల్‌లోనే ఒక ముక్క రాసిపెట్టవచ్చు. దాన్ని యానొటేషన్ అంటారు.

ఆ ఏడు కుకునూరుపల్లి వైపు ఒక రైస్‌మిల్లులో మా ప్రోగ్రాముతో నడిచే బాయిలర్ పేలింది. ఆపరేటర్ సాయిలు ఒళ్లంతా కాలి, దవాఖానలో కొన్నాళ్లు కొట్టుమిట్టాడి చనిపోయాడు. అతను తాగి డ్యూటీకి వచ్చాడని, నీళ్లు అయిపోయినా చూసుకోలేదని మిల్లువాళ్లు చెప్పారు. మా మేనేజర్ కూడా అదే మాట పట్టుకుని, మోడల్‌లో తప్పు లేదని రాసిచ్చే పని నాకు అప్పగించాడు.

కంపైల్ చేస్తే ఒక్క వార్నింగూ రాలేదు. అంత పెద్ద మోడల్‌కు అది వింతే. యానొటేషన్లు తీసేసి మళ్లీ చేశాను. ఒకటి బయటపడింది. నీటిమట్టం సిగ్నల్‌ను దేనికీ కలపలేదు, ఎప్పుడూ నిండుగా ఉన్నట్టే లెక్క. అంటే నీళ్లు అడుగంటినా మంట ఆగదు, అలారం మోగదు.

ఆ మోడల్ రాసిన మహేందర్‌ను పిలిచి చూపించాను. మోడల్ రాసేనాటికి మిల్లుకు నీటిమట్టం చూసే సెన్సర్ రాలేదట. వార్నింగులుంటే డెలివరీ తీసుకునేది లేదని మిల్లువాళ్లు అన్నారట. మేనేజర్ తొందరపెడితే యానొటేషన్ రాసి వార్నింగ్‌ను దాచాడట.

"సెన్సర్ వచ్చినంక కలుపుదామనుకున్న అన్నా. యాది మర్చిన" అన్నాడు.

సెన్సర్ వచ్చింది, బిగించారు కూడా. దాన్ని మోడల్‌లో కలపలేదని గుర్తుచేయాల్సిన వార్నింగ్ మాత్రం ఎవరికీ కనిపించలేదు.

విచారణకు ముందే సిగ్నల్ కలిపేసి, ఆ యానొటేషన్ జాడ లేకుండా తీసేయమని మేనేజర్ అన్నాడు. నేను వినలేదు. విచారణకు వచ్చిన అధికారికి మోడల్ ఉన్నదున్నట్టు ఇచ్చాను. మహేందర్ తనే వచ్చి ఒప్పుకున్నాడు. మా ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి.

తర్వాత సాయిలు భార్య లచ్చవ్వ దగ్గరకు వెళ్లి జరిగింది చెప్పాను. ఆమె చివరిదాకా తల వంచుకునే విన్నది.

"మా ఆయన తాగుతుండె సారూ, దాచుడెందుకు. గని బాయిలర్ కాడికి తాగి పోలే. దవాఖానల గదే చెప్పిండు. ఎవ్వలు నమ్మలే. నేను గూడ నమ్మలే."



వార్నింగ్ నోరు మూసినంత మాత్రాన తప్పు పోదు, ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. అప్పుడది సాయిలు మీద పడింది, కట్టుకున్న మనిషి కూడా తప్పు అతనిదేనని నమ్మేంతగా.