చెవిటి అన్న మాటకు నేను వేసిన తాళం

నా అంత తెలివైన బేరం మా వంశంలో ఎవరూ చేయలేదు. తెనాలిలో స్టీలు సామాన్ల కొట్టు మా పుట్టింటివాళ్లది. గిన్నెను వేలితో కొట్టి, మోత విని మందం చెప్పేసే మా నాన్న కూడా చేయలేదు. జీతం, నిద్ర, మొహమాటం మూడూ లేని కాపలావాణ్ని ఫోన్లో నేను నడిపే తల్లుల గ్రూపుకు పెట్టాను నేను. వాడేం చేశాడో చెప్పాలంటే మా బాబు దగ్గర మొదలుపెట్టాలి.

ఫిలింనగర్‌లో మా అద్దింట్లో ఒకరోజు నా చేతిలోంచి స్టీలు పళ్లెం జారింది. ఆ మోతకు కింది వాటావాళ్లు పరుగెత్తుకొచ్చారు. పక్కనే బొమ్మతో ఆడుకుంటున్న ఏడాది పిల్లాడు తల తిప్పలేదు.

"వాడిది నిదానం, అచ్చు వాళ్ల నాన్న పోలిక," అన్నారు అత్తయ్య. నేను మాత్రం ఆ పళ్లెం వాడి వెనక మళ్లీ పడేసి చూశాను.

బంజారాహిల్స్‌లో వినికిడి కొలిచే బెరా టెస్ట్ చేశారు. డాక్టరుగారు రిపోర్టు చూసి, "బైలాటరల్ ప్రొఫౌండ్ లాస్ అమ్మా, రెండు చెవులూ దాదాపు వినపడవు. ముందు హియరింగ్ ఎయిడ్స్ ట్రయల్ చూద్దాం. లాభం లేకపోతే ఆపరేషన్ చేసి చెవి లోపల కాక్లియర్ ఇంప్లాంట్ పెడదాం," అన్నారు.

"ఇంకో ఏడాది ఆగి చూస్తే మాటలొస్తాయేమో కదండీ?"

"నాతో ఎంతైనా బేరమాడండి. వాడి వయసుతో ఆడకండి. ఈ కాలం పోతే మళ్లీ రాదు."

నేను నోరు మూసుకున్న మొదటి బేరం అది.

ఎయిడ్స్ వల్ల లాభం లేక ఇంప్లాంట్ పెట్టారు. చెవి వెనక మిషన్ స్విచాన్ చేసిన రోజు మొదటి చప్పుడుకే వాడు బెదిరి ఏడ్చాడు, వాడితో మేమూ ఏడ్చాం. కొద్ది వారాలకే కుట్ల దగ్గర ఇన్ఫెక్షన్ వచ్చి మళ్లీ అడ్మిట్ చేశారు. ఐవీ యాంటీబయాటిక్స్ ఎక్కించారు, మిషన్ తీసి పక్కన పెట్టారు. అప్పుడప్పుడే వినడం నేర్చుకున్నవాడు మళ్లీ మా పెదాల వంక చూస్తూ పడుకున్నాడు.

ఆ మంచం పక్కన కూర్చునే గ్రూపు చూసేదాన్ని. జూబ్లీహిల్స్ చుట్టుపక్కల తల్లుల గ్రూపు అది, అడ్మిన్ని నేనే. ఒకావిడ రాసింది, "మావాడికి అన్నం తినమని చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అని. కింద బోలెడు నవ్వు బొమ్మలు. తీసేశాను. వెంటనే ఆవిడ నుంచి ఫోను.

"సామెత కూడా అనకూడదా వదినా? తెలుగు మానేసి సైగలు చేసుకోమంటావా?"

సైగలన్నందుకు ఇంకో గొడవ. చెవిటి, మూగ, గుడ్డి, అవిటి, మెంటల్... ఒక్కో మాటకు ఒక్కో క్లాసు పీకి నా ఓపిక అరిగిపోయింది. అందుకే ఆ కాపలావాడు. ఆ మాటలున్న పోస్టు ఏదైనా దానంతటదే ఆగి ఒక పక్కన పడిపోయే సెట్టింగు. ఆగినవాటిని చూడాల్సింది నేను. ఒక్కసారి చూశాను. ఎండల్లో మూగజీవాలకు నీళ్లు పెట్టమని ఎవరో పాపం రాసింది కూడా ఆగి ఉంది. నవ్వొచ్చింది, దాన్నొక్కదాన్నే గ్రూపులోకి వదిలి, మిగతావి చూడకుండా మూసేశాను. గ్రూపు ప్రశాంతం, నేనూ ప్రశాంతం.

వానలు మొదలయ్యాక థెరపీ సెంటర్లో నా పక్కన స్వరూప అనే అమ్మాయి కూర్చుంది. మధురానగర్ నుంచి వచ్చింది. ఒళ్లో మావాడి ఈడు పాప. బెరా ఈమధ్యే అయిందట. "ఇంత ఆలస్యం ఎందుకు చేశావమ్మా?" అన్నాను, అన్నీ తెలిసినదానిలా.

"గ్రూపుల అడిగిన అక్కా. మా బిడ్డ చెవిటిదేమో అంటున్రు, ఏడ చూపియ్యాలె అని. ఒక్కరు గూడ పలుకలే. గంతమంది ఉండి అందరు చెవిటోళ్లేనా అనుకున్న. మాటలు లేటుగ వస్తయి తియ్ అన్నది మా అత్త. ఊకున్నం."

ఏ గ్రూపో చెప్పింది, మాదే. ఫోన్ తెరిచాను. ఎండాకాలం మొదట్లో రాసింది, ఆగినవాటిలోనే ఉంది. నేను చూసిన రోజు ఆ మూగజీవాల పోస్టు కిందే ఉండేది. వేలు కాస్త కిందికి జరిపి ఉంటే కనబడేది. తన భయం చెప్పుకోడానికి ఆమె దగ్గరున్న మాట 'చెవిటి' ఒక్కటే.

"ఆపింది నేనే," అన్నాను.

స్వరూప మావాడి చెవి వెనక మిషన్ వైపు చూసింది. "నీ కొడుకును ఎవ్వరు ఏం అనొద్దని తాళమేసినవ్. నా బిడ్డ బయటనే ఉండిపాయె." తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

మావాడిప్పుడు స్కూలుకెళ్తున్నాడు. "నాకు చెవుడు, మిషన్ తీస్తే సైగ చెయ్" అని తోటిపిల్లలకు తనే చెబుతాడు. ఆ పాపకూ ఇంప్లాంట్ అయింది. ఇంకా ఒక్కో శబ్దం గుర్తుపట్టడం దగ్గరే ఉంది. స్వరూప ఎదురైతే పలకరిస్తుంది, అంతవరకే.

గ్రూపులు నడిపేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆగిన పోస్టులు రోజూ చివరిదాకా చదవండి. ఎగతాళికి వాడే మాటతోనే ఒక్కోసారి ఎవరో తలుపు తడుతుంటారు.

ఇక బిల్లు. నాకు దక్కింది ఒక ఎండాకాలం నిద్ర. దాని ఖరీదు, అదే ఎండాకాలం ఒక పాప వినాల్సిందంతా. కొన్నది నేను, కట్టింది ఆ పాప.